గెత్తం కుప్పలో గుప్పెడు బొగ్గు

పలాసలో జీడి తొక్క, కవిటిలో కొబ్బరి మట్ట, ఊరూరా పశువుల సాల. అన్నీ ఒక పూట ప్రయాణంలోనే ఉన్నాయి. ఒకచోట చేరడమే మిగిలింది.

ముసురు పట్టిన రోజు తెల్లవారుజామున పశువుల సాలలో అడుగుపెడితే ముందు పలకరించేది ఆవు కాదు, ఘాటు. ముక్కుపుటాలు మండుతాయి, కళ్లలో నీళ్లు తిరుగుతాయి. సాల ఊడ్చే అమ్మకు అది అలవాటే. చెంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని, పేడా మూత్రంలో నానిన గడ్డీ తట్టకెత్తి, ఊరి చివర కుప్ప మీద పోసి వస్తుంది. మిగతా జిల్లాల వాళ్లు పెంట అనో పశువుల ఎరువు అనో పిలిచేదాన్ని శ్రీకాకుళం, విజయనగరం పల్లెలు గెత్తం అంటాయి. వానాకాలం, శీతాకాలం, ఎండాకాలం గడిచి తొలకరి ముందు ఆ గెత్తాన్ని తవ్వి పొలానికి తోలతారు. అప్పటికి దానికి కంపు ఉండదు. బాగా మాగిందని సంతోషిస్తాం. నిజానికి పోవలసింది అప్పటికే పోయింది.

ముక్కును మండించింది అమ్మోనియా. అమ్మోనియా అంటే నత్రజని. ఆ నత్రజని కోసమే ఖరీఫ్‌లో యూరియా బస్తాకు వరుసలో నిలబడతాం. కుప్పగా పోసి వదిలేసిన పేడలో నత్రజని మూడో వంతు నుంచి సగం దాకా గాలికీ వానకూ పోవడం మామూలు సంగతి. ఇంట్లో పుట్టిన ఎరువును గాలికి వదిలి, ఫ్యాక్టరీలో పుట్టిన ఎరువును కొని తెచ్చుకుంటున్నామన్నమాట.

ఆ వదిలేది కూడా ఊరికే పోవడం లేదు. కుప్ప నడిమధ్యన గాలి ఆడని చోట, తడి నిలిచిన చోట, ఊపిరి అక్కర్లేని సూక్ష్మజీవులు పేడను తిని మీథేన్ వదులుతాయి. పైపొరల్లో కాస్త గాలీ కాస్త తడీ కలిసిన చోట మరో రకం సూక్ష్మజీవులు నత్రజనిని అటూ ఇటూ మార్చే పనిలో ఉంటాయి. ఆ పని సగంలో ఆగినప్పుడల్లా నైట్రస్ ఆక్సైడ్ జారిపోతుంది. ఈ రెండింటికీ వాసన లేదు, రంగు లేదు. చిన్నప్పుడు పాఠ్యపుస్తకంలో బొగ్గుపులుసు వాయువు అని చదువుకున్న కార్బన్ డై ఆక్సైడ్‌తో పోలిస్తే, నూరేళ్ల లెక్కన భూమిని వేడెక్కించడంలో మీథేన్ దాదాపు 27 రెట్లు, నైట్రస్ ఆక్సైడ్ 273 రెట్లు బలమైనవి. కుప్ప మీద నుంచి లేచే ఆవిరి ఒక్కటే మన కంటికి కనిపిస్తుంది. అది వట్టి నీరు.

మరి కుప్పలో బొగ్గు వేస్తే?

కాలిఫోర్నియాలో ఒక డెయిరీ పేడ

ప్రశ్న వింతగా ఉన్నా జవాబు చాలాచోట్ల వెతికారు. అమెరికాలో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం మెర్సెడ్ శాఖ పరిశోధకులు డెయిరీ పేడను రెండు రకాలుగా కుళ్లబెట్టి చూశారు. ఒకదాంట్లో కట్టెతో చేసిన బయోచార్ కలిపారు, రెండోదాంట్లో కలపలేదు. 2022లో వెలువడిన ఫలితం ప్రకారం బయోచార్ కలిపిన పేడ నుంచి మీథేన్ సుమారు ఐదింట నాలుగు వంతులు తగ్గింది.

బయోచార్ అంటే గాలి సరిగా అందకుండా, 350 నుంచి 700 డిగ్రీల వేడిలో మాగ్చిన బొగ్గు. కంసాలి కుంపట్లో, ఇస్త్రీ పెట్టెలో వేసే బొగ్గుకు ఇది తోబుట్టువే. అక్కడ దాని పని కాలడం, ఇక్కడ దాని పని కాలకుండా ఉండటం. భూతద్దంలో చూస్తే ఒంటి నిండా గదులే. ఆ గదుల్లోకి గాలి దూరుతుంది, నీరు చేరుతుంది. గడ్డకట్టిన పేడ మధ్య ఇలాంటి ముక్కలు వేలల్లో ఉంటే కుప్ప లోలోపల ఊపిరి ఆడుతుంది. ఊపిరి ఆడిన చోట మీథేన్ పుట్టించే జీవులు బతకలేవు. గాలికి లేచిపోదామని చూసే అమ్మోనియా, అమ్మోనియం రూపంలో బొగ్గు గోడలకు అంటుకుంటుంది. నైట్రస్ ఆక్సైడ్ దగ్గర ఆగిపోయే పనిని చివరిదాకా నడిపించి, ఏ హానీ లేని మామూలు నత్రజని వాయువుగా మార్చే సూక్ష్మజీవులకు కూడా ఈ గదులు ఇళ్లవుతాయి. కుప్ప త్వరగా వేడెక్కుతుంది, త్వరగా మాగుతుంది.

ఇంతవరకూ వాతావరణం గొడవ. రైతుకు పనికొచ్చే సంగతి ఆ తర్వాత ఉంది. కుప్పలో మాగి బయటికొచ్చిన బొగ్గు, లోపలికి వెళ్లిన బొగ్గు ఒకటి కావు. దాని రంధ్రాల లోపల పేడ రసాలు పలుచని పూతలా పట్టి, ఆ పూత పోషకాలను పట్టి ఉంచుతుందని 2017లో ‘నేచర్ కమ్యూనికేషన్స్’ పత్రికలో వచ్చిన పరిశోధన చూపించింది. అంతకు రెండేళ్ల ముందే, కంపోస్టుతో కలిపి మాగ్చిన బొగ్గు నైట్రేటును లోపల దాచుకుంటుందనీ, మొక్క దాన్ని వాడుకుని ఏపుగా పెరుగుతుందనీ జర్మనీలో క్లాడియా కామన్ బృందం తేల్చింది. పచ్చి బొగ్గును నేరుగా పొలంలో వేస్తే మాత్రం అది ఆకలి మీదున్న చుట్టంలా ముందు తనకే వడ్డించుకుంటుంది. మొదటి పంటకు నత్రజని కరవవుతుంది. అందుకే దాని కడుపు ముందు గెత్తంలో నింపాలి.

ఇసుక నేలలో దీని విలువ మరింత. ఉద్యానవనం అన్న మాటే ఉద్దానం అయిందంటారు. ఇచ్ఛాపురం, కవిటి, కంచిలి, సోంపేట, మందస, పలాస, వజ్రపుకొత్తూరు మండలాల్లో తీరం దగ్గర కాలు పెడితే ఇసుక, లోపలికి వస్తే ఎర్ర గరప. కొబ్బరికీ జీడికీ పనసకూ ఆ నేల ప్రాణం పోసింది. వేసిన ఎరువును నిలబెట్టుకునే గుణం మాత్రం దానికి లేదు. ఒక పెద్ద వాన పడితే నైట్రేటు వేళ్లను దాటి బావి వైపు దిగిపోతుంది. నీరూ ఎరువూ పట్టి ఉంచే నల్లటి ముక్కలు ఇలాంటి నేలకే ఎక్కువ అవసరం. అమెజాన్ అడవుల్లో ఆదివాసులు వేల ఏళ్ల కిందట బొగ్గు, ఎముకలు, ఇంటి చెత్త కలిపి తయారుచేసుకున్న నల్లమట్టి ఇవాళ్టికీ చుట్టుపక్కల నేల కన్నా సారవంతంగా ఉందంటే అందులో బొగ్గు పాత్ర ఉంది.

ఈ నేల మీద బొగ్గు అనే మాట

ఉద్దానంలో బొగ్గు గురించి రాసేవాడు కాస్త ఆగి మాట్లాడాలి. ఈ మాటకు ఇక్కడ గాయం ఉంది. 2010 జులై 14న సోంపేట దగ్గర బీల అనే చిత్తడి భూముల్లో థర్మల్ విద్యుత్ ప్లాంటు వద్దన్న జనం మీద పోలీసు కాల్పులు జరిగాయి. 2011 ఫిబ్రవరి 28న సంతబొమ్మాళి మండలం కాకరాపల్లిలో మరోసారి. రెండు చోట్లా ప్రాణాలు పోయాయి. జనం వద్దన్నది భూమిలోంచి తవ్వి తెచ్చి కాల్చే బొగ్గును. అది గాలిలో లేని కార్బన్‌ను గాలిలోకి తెస్తుంది. నేను చెబుతున్న బొగ్గు దారి దానికి ఎదురు. చెట్టు గాలిలోంచి పీల్చుకున్న కార్బన్‌ను మట్టిలోకి దించి, వందల ఏళ్లు అక్కడే కూర్చోబెడుతుంది. 2018లో వాతావరణ మార్పులపై అంతర్‌ప్రభుత్వ సంఘం, అంటే ఐపీసీసీ, తన ప్రత్యేక నివేదికలో గాలిలోంచి కార్బన్‌ను వెనక్కి తెచ్చే మార్గాల జాబితాలో బయోచార్‌నూ చేర్చింది. పేరొకటే గానీ, నాగలి ఇనుమూ తుపాకీ ఇనుమూ ఒకటి కానట్టే ఈ రెండు బొగ్గులూ ఒకటి కావు.

తొక్క కథ వేరు

బయోచార్‌కు సరుకెక్కడిది అనగానే అందరి చూపూ పలాస–కాశీబుగ్గ మీదికి పోతుంది. ఇక్కడ జీడి పిక్కల లెక్క 80 కిలోల బస్తా. ఉడికించి, కోసి, బోర్మా అనే వేడి గదిలో ఆరబెట్టి, పొట్టు తీశాక చేతికొచ్చే పప్పు బస్తాలో నాలుగో వంతు. మిగిలినదాంట్లో సింహభాగం తొక్క. బస్తాకు 50 కిలోలు దాటుతుంది. స్థానిక పిక్కలు చాలక ఆఫ్రికా దేశాల నుంచి ఓడల్లో వచ్చే పిక్కల తొక్క కూడా పలాసలోనే రాలుతుంది. ఐవరీకోస్ట్ నేలలో పుట్టిన కార్బన్ కాశీబుగ్గ బాయిలర్లో పొగవుతోందన్నమాట.

అయితే తొక్క చెత్త కాదు. పలాసలో ఆ మాట అంటే నవ్వుతారు. తొక్క బరువులో నాలుగో వంతు దాకా నూనె ఉంటుంది. రంగులకూ బ్రేకు లైనింగులకూ ఆ నూనె కావాలి. నూనె తీయగా మిగిలిన పిప్పి బాయిలర్లకు వంటచెరకు. దానికీ ధర ఉంది. కనుక ఎవరో వచ్చి తొక్కంతా ఉచితంగా పొలాలకు పోయమంటే జరిగే పని కాదు.

పైగా ఆ నూనె మామూలు నూనె కాదు. పిక్కలు కోసే ఆడవాళ్ల వేళ్లు చూస్తే తెలుస్తుంది. తోలు ఊడి, నల్లబడి, గోరింట పెట్టుకున్నా కనిపించని వేళ్లు. అనకార్డిక్ ఆమ్లం, కార్డాల్ అనే పదార్థాలు చేసే పని అది. పచ్చి తొక్కను గెత్తంలో కలిపితే ఆ నూనె సూక్ష్మజీవులనే చంపుతుంది, కుప్ప మాగదు. నూనె తీయని తొక్కను గోతిలో వేసి తగలబెడితే కళ్లు మండించే పొగ ఊరంతా కమ్ముతుంది. జీడి తొక్కతో బయోచార్ చేయాలంటే నూనె తీసిన పిప్పితో, పొగను కూడా మండించే మూసిన బట్టీలో, తగినంత వేడిలోనే చేయాలి. అది ఫ్యాక్టరీ స్థాయి పని. ఇంటి పెరడు పని కాదు. డెన్మార్క్ మూలాలున్న మాష్ మేక్స్ అనే సంస్థ కర్ణాటక తీరంలో ఉడుపి వైపు ఈ పనే చేస్తోంది. ఉడుపిలో జరిగేది పలాసలో జరగకపోవడానికి తొక్క కారణం మాత్రం కాదు.

తొక్క నూనె గురించి ఇంకొక ముచ్చట చెప్పకుండా ముందుకు పోలేను. జపాన్‌లో హొక్కైడో విశ్వవిద్యాలయం వాళ్లు, ఇదెమిట్సు అనే చమురు కంపెనీతో కలిసి, జీడి తొక్క నూనెను కొలత ప్రకారం పశువుల దాణాలో కలిపి చూశారు. ఆవు కడుపులో మీథేన్ పుట్టించే వ్యవహారం తగ్గింది. ఆ తర్వాత అది దాణాలో కలిపే సరుకుగా అక్కడి బజారులోకీ వచ్చింది. ఇది చదివి ఎవరూ ఇంట్లో ఆవుకు తొక్క వేయకండి. శుద్ధి చేసిన నూనె, గ్రాముల కొలత, అదంతా వేరే శాస్త్రం. ఈ ముచ్చట ఎందుకంటే, లెక్కలు దాచకుండా చెప్పాలి కదా. మన దేశం ఐక్యరాజ్యసమితికి ఇచ్చిన 2016 సంవత్సరపు లెక్కల్లో వ్యవసాయ రంగం వదిలే హరితగృహ వాయువుల్లో సగానికి పైగా పశువులు నెమరు వేస్తూ త్రేన్చినవే. పేడ, గెత్తం వాటా 7 శాతం లోపు. గెత్తం కుప్పలో బొగ్గు వేసి భూగోళాన్ని చల్లబరిచేస్తామంటే అతిశయోక్తే. ఉద్దానం రైతుకు ఇది ముందుగా నత్రజని లెక్క. వాతావరణానికి జరిగే మేలు ఆ వెనక నడిచొస్తుంది.

మట్టలు, మానులు, కొమ్ము పురుగు

ఇంటి పెరడుకు పనికొచ్చే సరుకు కొబ్బరి తోటలో ఉంది. కాపుకొచ్చిన కొబ్బరి చెట్టు నెలకొకటి చొప్పున ఏడాదికి డజను మట్టలు రాలుస్తుంది. దడికీ పందిరికీ పొయ్యికీ పోగా మిగిలినవి తోటలోనే చీకుతుంటాయి. గ్యాస్ సిలిండర్ వచ్చాక మరీను. డొక్కలో కొంత పీచు మిల్లుకు పోతుంది. చిప్పకు ధర ఉంది, దాని జోలికి పోనక్కర్లేదు. సరుగుడు నరికాక మిగిలే రొట్ట, జీడి తోటలో కత్తిరించిన కొమ్మలు ఎటూ ఉన్నాయి.

వీటికి తోడు తుపాను కట్టె. 2013 అక్టోబరులో ఫైలిన్. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ పలాస దగ్గరే తీరం దాటింది. గంటకు 140–150 కిలోమీటర్ల గాలి. తెల్లారి చూస్తే తరాలు పెంచిన కొబ్బరి, జీడి, పనస చెట్లు వేళ్లతో సహా నేల మీద ఉన్నాయి. కొడుకు చనిపోతే ఎంతో చెట్టు పడిపోతే అంత అని ఏడ్చిన ఊళ్లివి. పడిన మానులను ఎవరు కొంటారు? కొబ్బరి మానుకు కలప ధర రాదు, నరికించి మోయించే కూలి గిట్టదు. చాలా మానులు తోటల్లోనే కుళ్లాయి.

కుళ్లిన కొబ్బరి మాను అంటే కొమ్ము పురుగుకు పురిటిల్లు. ఖడ్గమృగంలా ముక్కు మీద కొమ్మున్న ఆ నల్ల పెంకు పురుగు కొబ్బరి మొవ్వును తొలిచి, విచ్చుకున్న ఆకును కత్తెరతో కోసినట్టు చేస్తుంది. అది గుడ్లు పెట్టేది కొబ్బరి చెట్టు మీద కాదు. కుళ్లిన మానుల్లో, ఇంకా ముఖ్యంగా గెత్తం కుప్పల్లో. కుప్ప తవ్వినప్పుడు బొటనవేలంత లావున తెల్లగా ముడుచుకుని కనిపించే పిల్ల పురుగులు అవే. కోళ్లు పరుగెత్తుకొచ్చి తినేవీ అవే. అందుకే కొబ్బరి శాస్త్రవేత్తలు గెత్తం గుంతల్లో మెటారైజియం అనే పచ్చ శిలీంధ్రాన్ని చల్లమంటారు. కదపకుండా, వేడెక్కకుండా, ఏడాదంతా చల్లగా పడి ఉండే కుప్ప ఆ పురుగుకు స్వర్గం. తిరగేసి, గాలి ఆడించి, 55–60 డిగ్రీల దాకా వేడెక్కించిన కుప్పలో గుడ్డూ పిల్లా బతకవు. మానులను, మట్టలను బొగ్గు చేసి కుప్పలో కలిపితే పురుగు రెండు ఇళ్లూ పోతాయి. మీథేన్ మాట వినిపించుకోని రైతు కూడా ఈ మాట దగ్గర ఆగుతాడు.

గుంతా కుప్పా

టెక్కలి వైపు పరిస్థితి కొంచెం వేరు. వంశధార ఎడమ కాలువ నీళ్లొచ్చే పల్లెల్లో వరి, గడ్డి, గేదె. అక్కడ గెత్తానికి గుంత తవ్వుతారు. వానాకాలంలో గుంతలో నీళ్లు నిలుస్తాయి. నీళ్లు నిలిచిన పేడ అంటే గొట్టం లేని గోబర్ గ్యాస్ ప్లాంటు. తయారైన మీథేన్ పొయ్యికి బదులు ఆకాశానికి పోతుంది. ఉద్దానం ఇసుకలో కుప్పకు ఆ బాధ తక్కువ, నత్రజని కారిపోయే బాధ ఎక్కువ.

ఈ గుంతా కుప్పా తగవు పాతదే. ఇండోర్‌లో శాస్త్రవేత్త ఆల్బర్ట్ హోవార్డ్ 1931 నాటికి ఒక పద్ధతి స్థిరపరిచాడు. పొరలు పొరలుగా పేర్చి, కొన్నాళ్లకోసారి తిరగేసి, గాలి ఆడించడం. 1939లో బెంగళూరులో సి.ఎన్. ఆచార్య మరొకటి చెప్పాడు. గుంత నింపి, పైన మట్టి మెత్తి, ముట్టకుండా వదిలేయడం. కూలి ఖర్చు లేదు కనుక రెండోదే పల్లెల్లో నిలబడింది. మూసిన గుంతలో నత్రజని కొంత మిగులుతుంది, మీథేన్ మాత్రం పుట్టి తీరుతుంది. తిరగేసే ఓపిక లేని రైతుకు బొగ్గు ఒక మధ్యే మార్గం. కుప్పను చేత్తో తిరగేసే పనిలో కొంత భాగం దాని రంధ్రాలు చేస్తాయి. అంతా చేయవు.

గోబర్ గ్యాస్ ప్లాంటు నడుస్తున్న ఇల్లయితే ముందు దాన్నే నడుపుకోవాలి. మీథేన్‌ను పట్టి పొయ్యి వెలిగించడాన్ని మించింది లేదు. బయటికొచ్చిన ముద్దలో అప్పుడు బొగ్గు కలపొచ్చు.

లెక్క ఎంత?

ఒక జత ఎడ్లు, ఒక పాడి ఆవు ఉన్న ఇల్లు అనుకుందాం. పశువుకు రోజుకు పది కిలోల పేడ చొప్పున ముప్ఫై కిలోలు. అందులో నీరు పోతే ఎండు సరుకు ఆరు కిలోలు. పరిశోధనల్లో ఎక్కువగా వాడింది ఎండు బరువులో 5–10 శాతం బొగ్గు. అంటే రోజుకు అర కిలో, కాస్త అటూ ఇటూ. ఏడాదికి రెండు క్వింటాళ్లు. నాలుగు కిలోల ఎండు మట్టలు సరిగా కాలిస్తే కిలో బొగ్గు వస్తుందనుకుంటే, ఎనిమిది క్వింటాళ్ల ఎండు సరుకు కావాలి. వందో నూటయాభయ్యో చెట్లున్న తోటలో అది కష్టం కాదు.

కాల్చడం ఇలా. నడుం లోతు గోయి, పైన వెడల్పు, కింద ఇరుకు, గరాటులా. అడుగున చిన్న పుల్లలు పేర్చి మంట పై నుంచి అంటించాలి. పుల్లల మీద తెల్ల బూడిద పొర కనిపించగానే మరో పొర మట్టలు. పై మంట గాలినంతా తినేస్తుంది కనుక కింది పొర బూడిద కాకుండా బొగ్గుగా మిగులుతుంది. పొగ కూడా ఆ మంటలోనే కాలిపోతుంది. గోయి నిండాక నీళ్లు పోసి ఆర్పాలి. 2014 నుంచి కాన్‌టికి పేరుతో ప్రపంచమంతా తిరుగుతున్న పద్ధతి ఇదే. గోయి వద్దనుకుంటే, హైదరాబాద్‌లోని కేంద్రీయ మెట్ట వ్యవసాయ పరిశోధన సంస్థ, అందరూ క్రీడా అనేది, పాత 200 లీటర్ల డ్రమ్ముకు రంధ్రాలు చేసి ఒక చౌక బట్టీ తయారుచేసింది. కంది కట్టె, పత్తి కట్టె, ఆముదం కట్టె వాళ్లు అందులోనే కాల్చి చూశారు. తెలుగు నేలలో బయోచార్ ప్రచారం భుజానికెత్తుకున్న నక్కా సాయిభాస్కర్‌రెడ్డి వంట చేసుకుంటూనే బొగ్గు మిగుల్చుకునే పొయ్యిలను పల్లెలకు చూపించారు.

రెండు జాగ్రత్తలు. మార్చి దాటాక జీడి తోట దరిదాపుల్లో నిప్పు పని పెట్టుకోవద్దు. కింద ఎండుటాకు పరుపులా ఉంటుంది, పైన గింజ రాలే కాలం. వానలు తగ్గిన డిసెంబరు మేలు. ఇక పొయ్యి బూడిదను బొగ్గు అనుకుని గెత్తంలో పోయొద్దు. బూడిద క్షారం. అది పేడలో అమ్మోనియాను పట్టి ఉంచకపోగా బయటికి తరుముతుంది. తరతరాలుగా బూడిద గంప నేరుగా గెత్తం కుప్ప మీదికే పోతోంది. దాన్ని కొబ్బరి చెట్టు పాదులోకి మళ్లిస్తే చెట్టుకు పొటాష్, కుప్పకు నత్రజని. బాగా వేడిలో కాలిన బొగ్గు కూడా కొంత క్షారమే. కొన్ని ప్రయోగాల్లో బొగ్గు కలిపినా అమ్మోనియా తగ్గలేదు. అందుకే ఒకేసారి కుమ్మరించడం కన్నా రోజూ సాలలో, మూత్రం నిలిచే చోట చల్లడం మంచిది. పశువు వదిలే నత్రజనిలో సగం దాకా మూత్రంలోనే ఉంటుంది. ఉద్దానంలో చాలా సాలల నేల ఇసుకే. ఆ సగమూ నేరుగా భూమిలోకి ఇంకుతోంది. నేపాల్‌లో గుమ్మడి రైతులతో 2015లో అచ్చయిన ప్రయోగంలో, వట్టి మూత్రం పోసిన పాదుల కన్నా మూత్రంలో నానిన బొగ్గు వేసిన పాదుల్లో దిగుబడి నాలుగు రెట్లు వచ్చింది. నాలుగు రెట్లు ప్రతిచోటా రావు. ఆవు మూత్రం విలువ ప్రకృతి వ్యవసాయం చేస్తున్న ఆంధ్రా రైతుకు ఎవరూ చెప్పనక్కర్లేదు. 2016 నుంచి రైతు సాధికార సంస్థ ఊరూరా జీవామృతం కలిపిస్తోంది, 2024లో ఆ కార్యక్రమానికి గుల్బెంకియన్ బహుమతీ వచ్చింది. ఆ జీవామృతం డ్రమ్ముల పక్కన బొగ్గు బస్తా ఒకటి చేరడమే తరువాయి.

మరి ఎందుకు చేరలేదు?

266 రూపాయల 50 పైసలు. 45 కిలోల యూరియా బస్తా ధర అది. అందులో నత్రజని ఇరవై కిలోలు. పైన చెప్పిన మూడు పశువుల ఇంట్లో పేడ నుంచి ఏడాదిలో పోయే నత్రజని ఆ బస్తాలో ముప్పావు వంతు ఉంటుందేమో. అంటే రెండొందల రూపాయలు. మూత్రం కలిపితే రెట్టింపు. ఎనిమిది క్వింటాళ్ల మట్టలు ఎండబెట్టి, గోయి తవ్వి, కాల్చి, దంచి, చల్లడానికి పట్టే కూలి దానికి ఎన్ని రెట్లో రైతుకు వేళ్ల మీద తెలుసు. “ఏటి బాబూ, నాలుగొందల కోసం నాలుగు దినాలు మసి పూసుకోమంటావా?” అని అడిగితే జవాబు చెప్పడం కష్టం. సబ్సిడీ యూరియాకు ఉంది, గెత్తానికి లేదు. యూరియా తయారీలో, రవాణాలో పుట్టే వాయువుల ఖర్చు ఆ 266లో లేదు. కుప్ప నుంచి లేచే మీథేన్ ఖర్చు ఎవరి ఖాతాలోనూ లేదు.

ఆ ఖాతా తెరిచేవాళ్లు ఇప్పుడిప్పుడే వస్తున్నారు. 2025 జనవరిలో గూగుల్ సంస్థ మన దేశానికి చెందిన వరాహ కంపెనీ నుంచి లక్ష టన్నుల కార్బన్ క్రెడిట్లు కొంటామని ఒప్పందం చేసుకుంది. గుజరాత్‌లో పిచ్చిగా పెరిగిన సర్కారు తుమ్మను బయోచార్ చేసి మట్టిలో కలపడం అందులో పని. పెద్ద కంపెనీకి పెద్ద కట్టె రాశి, పెద్ద బట్టీ, కొలిచే యంత్రాలు కావాలి. ఉద్దానంలో చిన్న కమతాల కొబ్బరి రైతు దగ్గరికి ఆ డబ్బు నేరుగా రాదు. వచ్చే దారేదైనా ఉంటే అది పలాస జీడి మిల్లుల వైపు నుంచే. తొక్క పిప్పిని బాయిలర్లో బూడిద చేయడానికి బదులు, ఆవిరీ బొగ్గూ రెండూ ఇచ్చే బట్టీ పెడితే మిల్లుకు వేడి మిగులుతుంది, క్రెడిట్ మిగులుతుంది, బొగ్గు మిగులుతుంది. ఆ బొగ్గు చుట్టుపక్కల పది ఊళ్ల సాలలకు పాల క్యాన్లు తిరిగి వెళ్లే బండ్లలో వెళ్లొచ్చు. పంచాయతీల్లో కట్టిన చెత్త నుంచి సంపద కేంద్రాల షెడ్లు చాలాచోట్ల ఖాళీగానే కనిపిస్తాయి, నిల్వకు అవి చాలు. ఇది నా ఊహ, ఎవరి ప్రణాళికా కాదు. ఒక షరతు మాత్రం తప్పదు. తొక్క బొగ్గులో తారు మిగల్లేదని పరీక్ష చేయించాకే అది పొలానికి పోవాలి. ఊళ్లను పీడిస్తున్న కిడ్నీ జబ్బుకు కారణం తేలక, తాగే నీటిని హిరమండలం నుంచి గొట్టాల్లో తెచ్చుకుంటున్న నేల ఇది. ఇక్కడ మట్టిలో కొత్తగా ఏది కలిపినా రెండుసార్లు చూసుకోవాలి.

మట్టల బొగ్గుకు ఆ భయం లేదు. చూడాలనుకునేవాళ్లు ఈ కార్తీకం వెళ్లాక చిన్నగా చూడొచ్చు. రెండు తట్టల బొగ్గు, చింతగింజంత ముక్కలుగా నలిపి, రెండు రోజులు పశువు మూత్రంలో నానబెట్టాలి. ఒకే రోజు, ఒకే సాల పేడతో, నడుమెత్తు కుప్పలు రెండు. ఒకదాంట్లో పేడ పొర, బొగ్గు చిలకరింపు, గడ్డి పొర. రెండోది ఎప్పటిలాగే. పైన కొబ్బరాకు కప్పి, మూడో రోజు నుంచి ఒక్కోదాంట్లో ఇనుప కమ్మీ దిగేసి, పది నిమిషాలాగి తీసి చేత్తో పట్టుకుని చూడాలి, ఏది ఎక్కువ కాలుతుందో. పదిహేనో రోజు రెండూ తిరగేసేటప్పుడు ముక్కుకు చెంగు అడ్డం పెట్టుకోకుండా నిలబడాలి. సాల ఊడ్చే అమ్మనే పిలిచి అడగండి, ఏ కుప్ప ఘాటుగా ఉందో. ఆమె తప్పు చెప్పదు. నెల తర్వాత ఏ కుప్పలో కోళ్లకు ఎన్ని తెల్ల పురుగులు దొరికాయో పిల్లల చేత లెక్క పెట్టించండి.